శంకర్‌పల్లి నుంచి అనంతగిరి మట్టి బాటల రైడ్: డిసెంబరులో ఏ దారి, ఏ టైరు, ఎంత గాలి?

రెండుచక్రాలు (మియాపూర్)

అందరికీ నమస్తే. డిసెంబరు రెండో ఆదివారం ముగ్గురం గ్రావెల్ బైకుల (మట్టి, కంకర బాటలకు తయారైన సైకిళ్లు) మీద ఒక రోజు రైడ్ పెట్టుకున్నాం. శంకర్‌పల్లి స్టేషన్ దగ్గర మొదలుపెట్టి, రైలు పట్టాలకు అటూ ఇటూ ఉన్న ఊరి బాటలు పట్టుకుని నవాబ్‌పేట మండలం, చిట్టిగిద్ద, వికారాబాద్ మీదుగా అనంతగిరి గుట్ట. వచ్చేటప్పుడు పూడూరు వైపు దిగి, దామగుండం అడవిలోంచి మన్నెగూడ, చేవెళ్ల, మళ్లీ శంకర్‌పల్లి. జీపీఎక్స్ (దారి మ్యాపు ఫైలు) గీస్తే 98 కిలోమీటర్లు వచ్చింది. సగానికి పైగా మట్టి.

రెండు బైకులకు 700x38 (38 మిల్లీమీటర్ల వెడల్పు) టైర్లు, ట్యూబ్‌లెస్, అంటే ట్యూబు లేకుండా లోపల చిల్లులు మూసే సీలెంట్ ద్రవం పోసినవి. మూడోదానికి 700x40, ట్యూబులతో. మూడింటికీ ముందు పెడళ్ల దగ్గర 40 పళ్ల చైన్‌రింగ్ ఒక్కటే, వెనక 11 నుంచి 42 పళ్ల దాకా ఉన్న క్యాసెట్ (గేర్ల పళ్లచక్రాల కట్ట). నా బరువు 72 కిలోలు.

అడగాల్సినవి: దారి సరిగ్గా ఉందా? గాలి ఎంత పెట్టాలి? వెంట ఏమేం ఉండాలి? నల్లమట్టి గురించి అందరూ భయపెడుతున్నారు, డిసెంబరులో కూడా అంత ఇబ్బందా?

---

మొరంబాట (వికారాబాద్)

ముందు దారి సంగతి. దామగుండం తీసెయ్యండి. పాత జీపీఎక్స్ ఫైళ్లలో, సైకిలిస్టులు తొక్కిన దారులు చూపే స్ట్రావా హీట్‌మ్యాప్‌లో ఆ అడవి బాటలు కనిపిస్తూనే ఉంటాయి. కానీ అక్కడ నౌకాదళం వీఎల్ఎఫ్ కేంద్రం (జలాంతర్గాములతో మాట్లాడే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో స్టేషన్) వస్తోంది. 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. దాదాపు 2,900 ఎకరాల అటవీభూమి దానికే పోయింది. రక్షణశాఖ స్థలం దగ్గరికి వెళ్లి ఫోన్‌లో పాత మ్యాపు చూపిస్తే ఎవరూ వదిలిపెట్టరు. పూడూరు మండలంలో ఊరికీ ఊరికీ మధ్య మొరం రోడ్లు ఉన్నాయి, వాటి మీదుగా మళ్లీ గీసుకోండి.

అనంతగిరి కూడా రిజర్వు ఫారెస్టే. అనంత పద్మనాభస్వామి గుడి దాకా తారు రోడ్డు, దాని మీద ఏ ఇబ్బందీ లేదు. చెట్ల మధ్య కాలిబాటల్లోకి సైకిల్ దించాలంటే మాత్రం ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

ఇక అసలు విషయం. మీరు అడిగిన టైరు, గాలి, సామాను, అన్నిటికీ జవాబు నేలలోనే ఉంది. శంకర్‌పల్లి, చేవెళ్ల చుట్టుపక్కల ఎర్ర చెలకలు, నల్లరేగళ్లు పక్కపక్కనే ఉంటాయి. ఒక గట్టుకు ఇవతల ఎరుపు, అవతల నలుపు. పడమటికి పోయేకొద్దీ నలుపు పెరుగుతుంది. అనంతగిరి పైన లాటరైటు. కింద దక్కను బసాల్టు నల్లరాయి, దాని నెత్తిన టోపీ పెట్టినట్టు ఇటుకరంగు పొర. ఆ పొర చివికిన చోట బాట మీద శనగగింజ నుంచి రేగుపండంత దాకా గుండ్రటి గులకరాళ్లు పరుచుకుని ఉంటాయి. కింద నేల గట్టి, పైన గోలీలు. మలుపులో ముందు బ్రేకు పట్టారంటే చక్రం పక్కకి జారిపోతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు వదిలెయ్యాలి. వాలులో వెనక బ్రేకు ఎక్కువ, ముందుది తక్కువ.

ఊళ్లను కలిపే బాటల్లో ఎక్కువ భాగం మొరం పోసి రోలరు తిప్పినవి. మొరం మంచిది. నీళ్లు ఇంకిపోతాయి, గట్టిపడుతుంది. రాత్రి వాన పడితే మర్నాడు మధ్యాహ్నానికి తొక్కొచ్చు. నల్లరేగడి బాట అలా కాదు. గట్టి వాన పడితే మూడు నాలుగు రోజులు దాని జోలికి పోవద్దు. డిసెంబరులో మామూలుగా వానలుండవు కానీ బంగాళాఖాతంలో తుపాను లేస్తే లెక్క మారిపోతుంది. బయలుదేరే ముందు వారం రోజుల వాతావరణం చూసుకోండి, ఆ ఒక్క రోజుది చూస్తే చాలదు.

---

చెలకనేల (నవాబ్‌పేట)

అన్నా, మా ఊర్ల దిక్కు వస్తున్నరు కాబట్టి చెప్తున్న. డిసెంబరు అంటే మాకు మూడు పనులు నడుస్తుంటయి. కంది కోతకొస్తది, పత్తి ఏరుడు ఆఖరికొస్తది, చెరువు కింద, బోర్ల కింద యాసంగి నాట్లకు దుక్కి మొదలైతది. మూడింటితోని మీకు పని పడ్తది.

కంది కోసినంక చేన్ల మిగిలే కొయ్యకాళ్లు ఏటవాలుగ కోసినట్టుంటయి, ఎండితే మేకు లెక్క. టైరు పక్కగోడకు తగిల్తే చీరుకపోతది. ఆ చేన్లకెల్లి అడ్డం పోవద్దు, బాట చుట్టు తిరిగిన సరే బాటనే పట్టుండ్రి. పంట ఉన్నా లేకున్నా చేను రైతుది.

నాట్లకు దమ్ము చేసే ట్రాక్టర్లకు ఇనుప కేజ్‌వీల్స్ ఉంటయి. అవి రోడ్డు మీద నడిస్తే బెత్తెడు దూరానికొకటి అడ్డం గాట్లు పడ్తయి. దూరంకెల్లి కనపడవు. ఎక్కినంక పండ్లు కదిలిపోతయి, బాటిల్ కూడ ఎగిరిపడ్తది. మడికి ఎక్కే దిగే కాడ సూస్కోండ్రి, చక్రాల సందుకెల్లి రాలిన బురదపెళ్లలు ఆడనే ఉంటయి.

రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోస్తరు. పక్కకు జాగ ఉంటే దిగి నడిపించుకపోండ్రి. గింజల మీదికెల్లి తొక్కితే గింజ పలుగుతది, మీ చక్రం కూడ జారుతది. కుప్ప అంచులకు రాళ్లు పెడ్తరు, మబ్బుల (తెల్లారకముందు) వస్తే అవి కనపడవు.

ఇంకొక మాట గట్టిగ చెప్తున్న. చీకట్ల చేన్ల ఒడ్లెంబడి అస్సలు పోవద్దు. అడివి పందుల కోసం కొందరు తీగలకు కరెంటు పెడ్తరు. అది నేరం, అయినా పెడ్తున్నరు, మనుషులు సచ్చిపోతున్నరు. తెల్లారినంకనే మట్టి బాట ఎక్కుండ్రి, పొద్దుగూకక ముందే తారు రోడ్డుకు రండ్రి.

---

సీలెంట్ (కూకట్‌పల్లి)

గాలి లెక్క చెబుతాను. 72 కిలోల మనిషి, 700x38 ట్యూబ్‌లెస్, మొరం ఎక్కువ, మధ్యమధ్యలో తారు: ముందు 30, వెనక 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టండి. ఎగుడుదిగుడు బాట మీద రిమ్ము రాయికి తగిలిన చప్పుడు వినిపిస్తే 2 పెంచండి. చేతులు తిమ్మిరెక్కుతుంటే 2 తగ్గించండి. 40 ట్యూబు టైరుకు ముందు 36, వెనక 40. ట్యూబుంటే ఇంతకంటే తగ్గించొద్దు. రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

ఫ్లోర్ పంపు మీటరును నమ్మొద్దు. 160 దాకా గీతలున్న మీటరులో 30 దగ్గర ముల్లు నాలుగైదు పీఎస్ఐ అటూ ఇటూ చూపిస్తుంది. చిన్న డిజిటల్ గేజ్ కొనుక్కోండి.

ఇంకో లెక్క చాలామంది వదిలేస్తారు. పొద్దున 12 డిగ్రీల చలిలో 32 పెడితే, మధ్యాహ్నం 32 డిగ్రీల ఎండకు అదే గాలి 35 దాటుతుంది. అంచేత పొద్దున కొంచెం మెత్తగా అనిపించినా అలాగే వదిలేయండి.

సీలెంట్ చివరిసారి ఎప్పుడు పోశారు? మన ఎండలకు లేటెక్స్ సీలెంట్ రెండు మూడు నెలల్లో ఎండి టైరు లోపల తొక్క కట్టేస్తుంది. చక్రం తీసి చెవి దగ్గర ఊపి చూడండి. గలగలమని నీళ్ల చప్పుడు రావాలి. రాలేదంటే లేనట్టే. 38 టైరుకు డబ్బా మీద 60 మిల్లీలీటర్లు అని రాసి ఉంటుంది. ఇక్కడి ముళ్లకు 80 నుంచి 90 పొయ్యండి. రైడ్‌కు ముందు రోజు రాత్రి కాకుండా నాలుగైదు రోజుల ముందే పోసి రెండు సార్లు తిప్పుకురండి. వాల్వ్ దగ్గర కానీ రిమ్ టేపు దగ్గర కానీ కారుతుంటే ఇంట్లోనే బయటపడుతుంది. టేపు వెడల్పు రిమ్ము లోపలి వెడల్పు కంటే 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. ఇరుకు టేపుకు అంచు లేచి స్పోకు రంధ్రాల్లోంచి గాలి పోతుంది. అలాంటప్పుడు ఎంత సీలెంట్ పోసినా లాభం లేదు.

---

పుంతరోడ్డు (అమలాపురం)

సీలెంట్ గారు చెప్పినదాంట్లో ఒక్కచోట నా అభిప్రాయం వేరండి. ఏడాదికి నాలుగు సార్లు మట్టి తొక్కేవాళ్లకు ట్యూబులే నయం. సీలెంట్ చూసుకోకుండా మూలన పెట్టిన ట్యూబ్‌లెస్ కంటే గాలి నిండుగా ఉన్న ట్యూబే ఇంటికి చేరుస్తుంది. మా కోనసీమ పుంతల్లో (మట్టి బాటల్లో), కాలువ గట్ల మీద ముళ్లు తక్కువ, అక్కడ ట్యూబుతో గడిచిపోతుంది.

బురద విషయంలో మాత్రం డెల్టా వాళ్ల మాట వినండి. ఒండ్రుమట్టి తడిస్తే సబ్బులా ఉంటుంది. కాలువ గట్టు మధ్యలో గడ్డి ఉంటే ఆ గడ్డి మీదే నడపండి, ట్రాక్టరు గాడిలోకి దిగొద్దు. ఒకసారి గాడిలో పడితే చక్రాన్ని ఏటవాలుగా ఎక్కించబోయి పడిపోతారు. దిగి ఎత్తి బయట పెట్టుకోవాలి. మొరంబాట గారన్న తుపాను మాటా నిజమే. 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతల వేళ అది. డిసెంబరు కదా ఎండే అని రాసి పెట్టుకోవడానికి లేదు.

అన్నట్టు ఎవరైనా మా వైపు వస్తే నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి పంటు (బల్లకట్టు) మీద సైకిళ్లు ఎక్కించుకోవచ్చు. రెండు వైపులా గట్టు రోడ్లు కలుపుకుంటే మంచి చుట్టు వస్తుంది. దాని సంగతి వేరే చర్చలో రాస్తానండి.

---

సీలెంట్ (కూకట్‌పల్లి)

పుంతరోడ్డు గారూ, కోనసీమకు మీ మాట సరే. వికారాబాద్ దారికి కుదరదు. కారణం పల్లేరు కాయ.

పల్లేరు తీగ వానాకాలంలో బాట అంచున నేలకు అతుక్కుని పాకుతుంది. చిన్న పసుపు పూలు. నవంబరు నుంచి తీగ ఎండుతుంది, కాయ ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకు రెండు పొడుగు ముళ్లు, రెండు పొట్టివి. ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. ఒక్క తీగ దాటితే ఒక టైరులో పది ముళ్లు దిగడం పెద్ద విషయం కాదు. ట్యూబుకు పది ప్యాచులు వేస్తూ ఎండలో కూర్చోవాలి. సీలెంట్ ఉంటే ముల్లు అలాగే ఉండగానే చుట్టూ గడ్డకట్టి ఆపేస్తుంది. అందుకే దారిలో పల్లేరు ముళ్లు పీకొద్దు. బయటికి కనిపించే ముక్కను గోటితో గిల్లెయ్యండి, మొన లోపలే ఉండనివ్వండి. ఇంటికెళ్లాక సీలెంట్ సరిపడా ఉందో లేదో చూసుకుని ఒక్కొక్కటీ తీసి, చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పుకుంటే మూసుకుంటుంది.

బాట అంచున పచ్చగా కానీ ఎండిపోయి కానీ, నేలబారుగా ఏది పాకి ఉన్నా చక్రం దించకండి. ఫొటో తీసుకోవడానికి సైకిల్ పక్కకు తోసేది కూడా అక్కడే. ఎక్కువ పంక్చర్లు అప్పుడే అవుతాయి.

తుమ్మ ముళ్ల లెక్క వేరు. నల్లతుమ్మ ముల్లు రెండు మూడు అంగుళాలు ఉంటుంది. టైరులోంచి దూసుకెళ్లి రిమ్ టేపును కూడా పొడుస్తుంది. చేలకు కంచెగా వేసిన కంప బాట మీదికి జరిగి ఉంటుంది కదా, అది కనిపిస్తే దిగి సైకిల్ ఎత్తుకుని దాటండి.

---

గొలుసుపళ్లు (విజయవాడ)

గేర్ల గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్పాలి. 40 ముందు, 42 వెనక, 38 టైరుతో ఒక చుట్టుకు దాదాపు 2.1 మీటర్లు కదులుతారు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 7.5 కిలోమీటర్లు. గులకరాళ్ల ఎక్కుడుకు ఇది బాగా సరిపోతుంది. గులకరాళ్ల మీద నిలబడి తొక్కితే వెనక చక్రం మీద బరువు తగ్గి ఉన్నచోటే తిరుగుతుంది. సీటు ముందు అంచుకు జరిగి, కూర్చునే, మోచేతులు వంచి తొక్కాలి. వెనక 36 పళ్లే ఉన్నవాళ్లు ఎవరైనా ఈ దారికి వస్తే ముందు చైన్‌రింగ్ తీసి 38 పళ్లది వేసుకోండి.

డిరైలర్ (వెనక గేరు మార్చే పరికరం) ఫ్రేముకు బిగించే చిన్న ముక్క, హ్యాంగర్, ఒకటి అదనంగా సంచిలో పెట్టుకోండి. ముగ్గురి ఫ్రేములు వేరైతే ముగ్గురికీ మూడు. ఒకరిది ఇంకొకరికి పట్టదు. సైకిల్ కుడిపక్కకు పడిందంటే లేచి తొక్కేముందు వెనక నిలబడి చూడండి. డిరైలర్ చిన్న చక్రాలు రెండూ క్యాసెట్ పళ్లతో ఒకే నిట్టనిలువు గీతలో ఉండాలి. లోపలికి వంగి ఉంటే 42 పళ్ల పెద్ద చక్రంలోకి గేరు వెయ్యొద్దు. వేస్తే డిరైలర్ స్పోకుల్లోకి పోయి మొత్తం విరుగుతుంది. మూడో పెద్ద పళ్లచక్రం దాకానే వాడుకుంటూ తారు రోడ్డెక్కండి.

హ్యాంగర్ విరిగి, అదనపుది లేకపోతే గొలుసు కుదించాలి. చైన్ టూల్‌తో గొలుసు విప్పి, డిరైలర్ పక్కకు కట్టేసి, ముందు చైన్‌రింగుకు తిన్నగా వచ్చే వెనక పళ్లచక్రం ఎంచుకుని, కిందా పైనా అర అంగుళం ఆడేంత వదులుంచి, మిగిలిన లింకులు తీసి క్విక్ లింకు (గొలుసు చివరలు కలిపే విడి లింకు)తో కలపండి. మరీ బిగిస్తే గొలుసు పక్కనున్న పెద్ద పళ్లచక్రం ఎక్కి తెగుతుంది. నెమ్మదిగా, కూర్చునే తొక్కాలి. క్విక్ లింకు మీ గొలుసు స్పీడుదే ఉండాలి. 11 స్పీడు లింకు 12 స్పీడు గొలుసుకు పట్టదు. రెండు జతలు పెట్టుకోండి, ఒక్కొక్కటీ ఆరు గ్రాములు కూడా ఉండదు.

ఎర్రమట్టి దుమ్ముకు తడి లూబ్ (గొలుసుకు వేసే జిడ్డు నూనె) వద్దు. నూనెకు దుమ్ము పట్టి నలుగుపిండిలా గొలుసును అరగదీస్తుంది. డ్రిప్ వ్యాక్స్ (చుక్కలుగా వేసే మైనం) ముందు రోజు రాత్రి వేసి ఆరనివ్వండి. పొద్దున్నే వేస్తే పని చెయ్యదు, నీళ్లు ఆవిరవ్వడానికి టైం కావాలి.

---

ఫ్లింట్‌హిల్స్ (కాన్సస్)

నల్లరేగడి గురించి అడిగారు కాబట్టి ఒక పోలిక. ఇక్కడ ఎంపోరియాలో జరిగే అన్‌బౌండ్ గ్రావెల్ రేసు 2006 నుంచి ఉంది. 200 మైళ్ల దారి. 2023లో ముందు రోజుల వానలకు మొదటి గంటలోనే బంకమట్టి తగిలి వందల మంది సైకిళ్లు భుజాన వేసుకుని నడిచారు. తొక్కి దాటదామని బలం పెట్టినవాళ్ల డిరైలర్లు అక్కడే విరిగాయి. చేతిలో చెక్కపుల్ల ఉన్నవాళ్లు గీక్కుంటూ ముందుకెళ్లారు.

రేగడి చేసే పనీ అదే. ఆ మట్టిలోని బంక నీళ్లు తాగి ఉబ్బుతుంది. మొదట టైరుకు పల్చటి పొర. ఆ పొరకు ఎండు గడ్డి, చిన్నరాళ్లు అతుక్కుంటాయి. నాలుగు చుట్లలో ఫోర్కు సందు నిండిపోయి చక్రం ఆగిపోతుంది. అక్కడే ఆగాలి. ఇంకొక్క తొక్కు తొక్కితే బలమంతా డిరైలర్ మీద పడుతుంది.

జానెడు పొడవు, బొటనవేలంత వెడల్పు చదునైన వెదురుబద్ద ఒకటి ఫ్రేముకు రబ్బరుతో కట్టుకోండి. ఇనుప వస్తువు వద్దు, కార్బన్ ఫోర్కు గీసుకుపోతుంది. ముందుగా చూసుకోవాల్సింది టైరుకూ ఫ్రేముకూ మధ్య సందు. రెండు పక్కలా 6 మిల్లీమీటర్లు ఉండాలి. కొంతమంది ఫ్రేములో పట్టేంత పెద్ద టైరు బిగిస్తారు. ఎండు నేల మీద హాయిగా ఉంటుంది, తడి నల్లమట్టిలో ముందుగా ఇరుక్కునేది వాళ్లే.

---

రెండుచక్రాలు (మియాపూర్)

చాలా పనికొచ్చాయి, అందరికీ థ్యాంక్స్. దామగుండం తీసేశాను. ఇంకో రెండు అడుగుతాను. ఒకటి, సీలెంట్ ఆపలేని పెద్ద చిల్లు పడితే వరస ఏమిటి? రెండు, శాటిలైట్ మ్యాపులో బాట కనిపిస్తోంది, అది తొక్కదగ్గదో ప్రైవేటు స్థలమో ఎలా తెలుస్తుంది?

---

సీలెంట్ (కూకట్‌పల్లి)

గాలి బుస్సుమంటుంటే దిగి, చిల్లు నేలవైపుకు తిప్పి అర నిమిషం ఆగండి. ఆగకపోతే ప్లగ్గు (చిల్లులో దూర్చే రబ్బరు పట్టీ). సూది చెవిలో పట్టీ మధ్యకు వచ్చేలా గుచ్చి, టైరులోకి నిటారుగా నొక్కి, బయట సెంటీమీటరు మిగిలేలా ఉంచి, సూదిని మెలితిప్పకుండా ఒక్క లాగుతో తీసెయ్యండి. గాలి కొట్టి, నాలుగు మిల్లీమీటర్లు వదిలి మిగతాది కత్తిరించండి. పట్టీ చాలకపోతే పక్కన రెండోది.

చేతి పంపుతోనే గాలి కొట్టండి. సీఓటూ సిలిండర్ చల్లదనానికి కొన్ని సీలెంట్లు గడ్డకడతాయి. పైగా ఆ గ్యాసు రబ్బరులోంచి త్వరగా పోతుంది, మర్నాటికి టైరు మెత్తబడుతుంది.

పక్కగోడ చీరితే ప్లగ్గు నిలవదు. పాత టైరు ముక్క రెండంగుళాలది లోపల ఆనించి, ట్యూబు వెయ్యాలి. ఇక్కడే అందరూ చేసే తప్పు: ట్యూబ్‌లెస్ వాల్వ్ తీసి కొత్త ట్యూబు వేసి గాలి కొడతారు, రెండు నిమిషాల్లో అదీ పోతుంది. ఇన్నాళ్లూ సీలెంట్ ఆపి ఉంచిన పల్లేరు మొనలన్నీ టైరు లోపల అలాగే ఉంటాయి. ట్యూబు వేసే ముందు టైరు లోపల చుట్టూ దూది రుద్దండి. ముల్లున్న చోట దూది పోగు పట్టుకుంటుంది. ఒక్కొక్కటీ తీసి, ఇంకోసారి రుద్దాకే ట్యూబు.

ఊళ్లలో పంక్చర్ షాపులో కంప్రెసర్ ఉంటుంది కానీ దాని ముక్కు మోటారు బండి వాల్వుకే పడుతుంది. మన సైకిళ్ల సన్నటి ప్రెస్టా వాల్వుకు తొడిగే ఇత్తడి అడాప్టరు ఒకటి చాలు, వాల్వ్ టోపీ బదులు అక్కడే తొడిగి ఉంచుకోండి. ట్యాంకులో వంద పీఎస్ఐ దాటి ఉంటుంది. ఒక్క సెకను చొప్పున ఇచ్చి, ప్రతిసారీ వేలితో నొక్కి చూడమని షాపాయనకు ముందే చెప్పండి. ఒకేసారి వదిలితే టైరు రిమ్ము నుంచి ఎగిరిపోతుంది.

---

నక్షాబాట (సంగారెడ్డి)

రెండో ప్రశ్నకు నేను చెబుతా. శాటిలైట్ బొమ్మలో కనిపించే ప్రతి గీతా బాట కాదు. శంకర్‌పల్లి, చేవెళ్ల మండలాల్లో ఫామ్‌ప్లాట్ల వెంచర్లు వచ్చి పాత బండ్ల బాటలకు ప్రహరీలు, గేట్లు పడ్డాయి. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలు చూడండి. పదేళ్ల కిందటి చిత్రంలోనూ ఇప్పటి చిత్రంలోనూ అదే వంకరతో బాట ఉంటే అది ఊరి బాట. ఇప్పటి చిత్రంలో మాత్రమే స్కేలుతో గీసినట్టు తిన్నగా ఉండి, అటూ ఇటూ సమానంగా అడ్డగీతలు వస్తే అది వెంచరు రోడ్డు, చివర గోడే.

నక్షా బాట అంటే గ్రామ నక్షలో ఎక్కిన బాట. దాని మీద నడిచే హక్కు అందరికీ ఉంది. గ్రామ నక్షలో బండ్ల బాటకు, కాలిబాటకు గుర్తులు వేరువేరుగా ఉంటాయి. నక్షలో లేకుండా రైతులు మాట్లాడుకుని వదులుకున్న బాటలు కూడా ఉంటాయి. అవి వాళ్ల సొంత భూమి. మనిషి కనిపిస్తే ఆగి అడగండి: "ఈ బాట ఫలానా ఊరికి తేలుతదా?" తేలుతుందా అన్న మాటే అడగాలి. పోతుందా అంటే చేను దాకా పోయేదానికి కూడా పోతుందనే చెబుతారు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా మార్చగల ఉచిత మ్యాపు) మన బాటల్లో చాలావాటికి నేల రకం ఎవరూ రాయలేదు. రైడ్ అయ్యాక మీరు తొక్కిన బాటలకు మొరం, మట్టి, కంకర అని నమోదు చెయ్యండి. వచ్చేవాళ్లకు అంతకంటే మేలు లేదు.

---

గాలిమర (అనంతపురం)

దిక్కు చూసుకున్నారా? డిసెంబరులో అక్కడ గాలి ఎక్కువగా తూర్పు నుంచి వీస్తుంది. పొద్దున పడమటికి పోయేటప్పుడు వీపున ఉంటుంది, హాయిగా అనిపిస్తుంది. తిరుగు ప్రయాణమంతా ఎదురుగాలే. పోయేటప్పటి వేగంతో లెక్కేసుకుంటే సాయంత్రం చీకటి పడిపోతుంది. సూర్యాస్తమయం 5:45 ప్రాంతం. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అనంతగిరి వదలకపోతే తిరుగు దారిలో మట్టి మానేసి తారు రోడ్డే పట్టండి. అయితే మన్నెగూడ, చేవెళ్ల మధ్య బీజాపూర్ హైవే మీద టిప్పర్లు ఎక్కువ, ఆ ముక్క వీలైనంత తక్కువ ఉంచండి.

నీళ్లు మనిషికి రెండు 750 సీసాలు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరుకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. పెద్ద ప్యాకెట్ ఒక్క 750 సీసాలో మొత్తం పొయ్యొద్దు, ఉప్పెక్కువై దాహం పెరుగుతుంది. సీసా మూతికి పైన ఇంకో టోపీ ఉన్నవి తీసుకోండి. పశువులు నడిచే బాట దుమ్ములో పేడ కూడా ఉంటుంది, అదే మూతిని నోట్లో పెట్టుకుంటాం. తినడానికి పల్లీపట్టీలు, అరటిపండ్లు. ముప్పావుగంటకొకసారి, ఆకలి కాకముందే.

---

చెలకనేల (నవాబ్‌పేట)

కుక్కల ముచ్చట ఎవ్వరు తియ్యలే. ఊరి కుక్కల కంటే చేన్ల కాడి, గొర్ల మంద కాడి కుక్కలు ఉషారుగ ఉంటయి. ఉరికితే ఎంబడి పడ్తయి. ఆగి దిగుండ్రి, సైకిల్‌ను మీకు కుక్కకు నడుమ పెట్టుకోని మెల్లగ నడుస్తుంటే మంద దాటినంక అవే ఆగుతయి. గొర్లు అడ్డమొస్తే బెల్లు కొట్టకుండ్రి, బెదిరి చేన్ల పడ్తయి. కాపరి పిలిస్తే అవే పక్కకొస్తయి.

కరిస్తే మాత్రం సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే పీహెచ్‌సీకి పోవాలె. సూది ఆడ ఉచితమే. రైడ్ పూర్తి చేసి పోదమని ఆగొద్దు.

---

రెండుచక్రాలు (మియాపూర్)

మార్చిన ప్లాను ఇది. పొద్దున 6:45కి శంకర్‌పల్లి, వెలుగొచ్చాకే మట్టి. చిట్టిగిద్ద మీదుగా వికారాబాద్, అనంతగిరి గుడి దాకా తారు రోడ్డు మీదే. 12:30కి దిగుడు. పూడూరు ఊళ్ల మొరం రోడ్లు, మన్నెగూడ దగ్గర హైవే 4 కిలోమీటర్లకు తగ్గించాను. మొత్తం 91. మూడో బైకుకు కూడా ట్యూబ్‌లెస్ చేయిస్తున్నాం, ఒక్కో చక్రానికి 90 మిల్లీలీటర్లు. ట్యూబులు మనిషికొకటి, హ్యాంగర్లు మూడు, ప్లగ్గులు, దూది, వెదురుబద్ద, అడాప్టరు. దారిలో మూసీ మీద లోలెవల్ వంతెనలు రెండు తగులుతున్నాయి, వాటి గురించి ఏమైనా ఉందా?

---

మొరంబాట (వికారాబాద్)

మూసీ పుట్టేది అనంతగిరిలోనే కాబట్టి ఇక్కడ చిన్న వాగే. డిసెంబరులో వంతెన మీద నీళ్లు ఉంటే చీలమండ దాకా ఉంటాయి, అంతే. కానీ ఎప్పుడూ తడిగా ఉండే సిమెంటు మీద పాచి ఉంటుంది. పల్చటి నీళ్ల కింద నున్నగా, ఆకుపచ్చ నలుపులో మెరుస్తుంటుంది. దాని మీద తొక్కడం ఆపి, హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు ముట్టకుండా తిన్నగా దాటాలి. అనుమానం ఉంటే దిగి, ఎగువ అంచు పక్కగా నడవండి. పాచి దిగువ అంచున ఎక్కువ.

దాటాక డిస్కు బ్రేకులు రెండూ నాలుగైదు సార్లు మెల్లగా నొక్కి ఆరబెట్టుకోండి. రెండో వంతెన దాటిన వెంటనే ఎడమకు తిరిగే దిగుడు ఉంది, అక్కడికి తడి బ్రేకులతో రావొద్దు. ఇంకా, 90 మిల్లీలీటర్ల సీలెంట్ పోసేవాళ్లు వాల్వ్ కోర్ (వాల్వ్ లోపలి పుల్ల) విప్పే టూల్ కూడా సంచిలో వేసుకోండి. సీలెంట్ ఎక్కువైతే ముందుగా మూసుకుపోయేది వాల్వే. పంపు ఎంత కొట్టినా గాలి ఎక్కకపోతే టైరు జోలికి పోకుండా ముందు కోర్ విప్పి చూడండి.